గేటు తాత అభిప్రాయం

మగ్గాలు ఆగిపోయినప్పుడు, ఆ షెడ్డులో నాకు మొదటిసారి భయం వేసింది.

ఎమ్మిగనూరులో ఆ నేత షెడ్డులో ఎనిమిది గుంత మగ్గాలుండేవి. నేను వారానికొకసారి ఆదోని నుంచి బస్సులో పుస్తకాల పెట్టె తీసుకుని అక్కడికి పోయేదాన్ని. నేను లోపలికి అడుగుపెడితే ఒకరిద్దరు తలెత్తి చూసేవాళ్లు గాని, పని మాత్రం ఆగేది కాదు. మాటలన్నీ ఆ చప్పుడులోనే, కొంచెం గొంతు పెంచి. ఆ రోజు నేను పెట్టె మూత తీస్తుండగానే ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చింది. చివరిది కూడా ఆగాక, వాళ్లందరికీ నవలలు చదివి వినిపించే నేతగాడు, మేం చదువరి అని పిలుచుకునే ఆయన, గుంతలో నుంచి కాళ్లు తీయకుండానే అడిగాడు.

"అమ్మా, నవలలో కోట వాకిలి తీసినోని మనమడు మీ ఆదోనిలో మిల్లు గేటు కాడ కాపలా ఉన్నాడంట గదా? నిజమేనా?"

వెనక నుంచి ఇంకెవరో అందుకున్నారు. "పత్తి మూటలు బద్రం అని ఆ సావుకారికి ఒక మాట సెప్పమ్మా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట పుట్టింది నా నోట్లోనే. మూడు వారాల ముందు, అదే షెడ్డులో, అదే పెట్టె పక్కన కూర్చుని నేను సంతోషంగా చెప్పిన మాట అది. నేను చెప్పినప్పుడు దానికి ఈ ముఖం లేదు.

"నాకు తెలీదన్నా," అన్నాను.

అది నా రెండో తప్పు. మొదటి తప్పు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. మా వీధిలో ఒక అమ్మాయికి గ్రంథాలయంలో పని వచ్చింది. "అక్కా, ఆడ పని ఎట్లుంటది?" అని నిన్న అడగడానికి వచ్చింది. పుస్తకాలకు నంబర్లు ఎట్లా వేయాలో, చెదలు పట్టకుండా ఏం చేయాలో చెప్పి పంపాను. ఆమె పోయాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపించింది. పిల్లలు పడుకున్నారు. తలుపు గొళ్లెం రెండుసార్లు చూసుకుని వచ్చి కూర్చున్నాను. నాకు ప్రతిదానికీ భయం ఎక్కువని మా అత్తమ్మ అంటుంది. నిజమే. కానీ భయపడాల్సిన చోట భయపడకుండా నోరు జారింది ఒక్కసారే. అది ఈ కథే.

మా గ్రంథాలయం ఆదోనిలో, పత్తి బజారుకు దగ్గరలో ఉండేది. రెండు గదులు, ఒక వరండా. మా తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. జిల్లా మారినా బీరువాలు మారలేదు. కన్నడ పుస్తకాలు, తెలుగు పుస్తకాలు, ఉర్దూ పుస్తకాలు ఒకదానికొకటి ఆనుకునే ఉండేవి. నేను అనంతపురంలో కాలేజీ చదువు పూర్తి చేసి, పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లినై, చిన్నవాడికి పాలు మాన్పించాక ఆ పనిలో చేరాను. పిల్లల్ని అత్తమ్మ చూసుకునేది.

ఎమ్మిగనూరు ప్రయాణమంటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. రేకు పెట్టెను కండక్టరు బస్సు మీదికి ఎక్కించేవాడు. "ఏందమ్మా, బంగారమా రాళ్లా?" అని ప్రతిసారీ అదే మాట. లోపల వేరుశనగ బుడ్డల మూటలు, కోళ్ల బుట్టలు, మంత్రాలయం పోయే యాత్రికుల చెంబులు. దారి పొడుగునా నల్లరేగడి, పత్తి చేలు. ఊళ్లోకి రాగానే వీధుల్లో బారుగా సాగదీసిన పడుగు దారాలు, గంజి వాసన. ఆ వాసన తగిలితే చాలు, ఈ వారం వాళ్లు ఏమంటారో అని నాకు ఆత్రం మొదలయ్యేది.

ఏమంటారో అన్నది నా ఉద్యోగంలో భాగం. మా గ్రంథాలయంలో అభిప్రాయాల పుస్తకం అని ఒకటి ఉండేది. మా గ్రంథపాలకుడు, అందరూ పెద్దాయన అనేవాళ్లు, తన చేత్తో గీతలు గీసి తయారుచేసిన లావుపాటి నోటు అది. పేజీకి మూడు గడులు. మొదటి గడిలో పుస్తకం పేరు. రెండో గడిలో పాఠకుడి మాట. మూడో గడిలో పాఠకుడు చేసే పని. పేరు రాయకూడదు. పేరు రాస్తామంటే మనిషి నిజం చెప్పడని ఆయన నమ్మకం. రాయడం రానివాళ్ల మాట మేమే రాసుకోవాలి, వాళ్ల నోట ఎట్లా వస్తే అట్లాగే.

"అమ్మాయీ, వాళ్ల మాట రాసుకో. నీది కలపొద్దు," అని నేను చేరిన రోజే పెద్దాయన చెప్పాడు. ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, మళ్లీ అదే మాట చెప్పాడు. రెండుసార్లు ఎందుకు చెప్పాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ నోటులో సగానికి పైగా చారిత్రక నవలల గురించే. మిగతా పుస్తకాలు చదివినవాళ్లు బాగుంది, బాగా లేదు అని ఊరుకునేవాళ్లు. రాజుల కథ చదివితే మాత్రం ప్రతివాడికీ ఒక తగాదా పుట్టేది. బడిపంతులు తేదీలు తప్పులని రాయించేవాడు. జొన్నల వర్తకుడు ఒకాయన, "కోటను ఆరు నెలలు ముట్టడించినారు సరే, లోపల జొన్నలు ఏ దరకు అమ్మినారు? అది తెలియకుండా యుద్ధమేం రాస్తాడు?" అన్నాడు. పుస్తకాలు ఇంటికి తెప్పించుకుని చదివే ఒక గృహిణి, "రాణిగారు రోజుకు రెండుసార్లు తలంటుకున్నారు. కొండమీదికి నీళ్లు మోసినోళ్లెవరు?" అని కబురు పంపింది. మా ఆదోనిలో నీళ్ల బిందె కోసం నిలబడినవాళ్లకే ఆ ప్రశ్న వస్తుంది.

గడియారాలు బాగుచేసే ఒక సాయిబు ఉర్దూ పత్రిక కోసం వచ్చి, తెలుగు నవల తీసుకుపోయేవాడు. ఆయన అభిప్రాయం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీ నవలల్లో మావాళ్లు ఎప్పుడు చూసినా గుర్రమెక్కి కత్తి తిప్పుకుంటానే వస్తారమ్మా. ఒక్కడన్నా గొడుగు పట్టుకుని నడిచి రాడా?" అది రాసుకుంటూ నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తర్వాత రాజుల నవల ఏది చదివినా నడిచి వచ్చే మనిషి కోసం నా కళ్లు వెతికేవి.

ఇక గేటు తాత.

మా ఇల్లు ఉన్న సందు చివర పత్తి జిన్నింగు మిల్లు ఉంది. దాని గేటు దగ్గర ఆయన ఇరవై ఏళ్లుగా కాపలా. తెల్ల మీసం, మోకాళ్ల దాకా ఖాకీ కోటు, పక్కన ఒక స్టూలు. స్టూలు మీద ఆయన కూర్చోగా నేను చూడలేదు, పుస్తకం మాత్రం కూర్చునేది. నడివయసులో అక్షరాలు నేర్చుకున్నాడట. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, బండికీ బండికీ మధ్య నాలుగు వాక్యాలు చదివేవాడు. మా పాప బడికి పోతూ రోజూ ఆయనకు దండం పెట్టేది. ఆయన సైనికుడిలా మడమలు చేర్చి తిరిగి దండం పెట్టేవాడు. అది చూడటానికే మా చిన్నవాడు బడి లేకపోయినా అక్కతో గేటు దాకా పోయేవాడు.

ఆ ఏడు మాకు ఒక కొత్త నవల వచ్చింది. ఏదో కొండ మీది కోట, తుంగభద్రకు దక్షిణాన అని మాత్రమే రాశాడు రచయిత. ఊరి పేరు లేదు. చివర్లో ఒక రాత్రి, కోట వాకిలి కాపలావాడు శత్రువులకు తలుపు తీస్తాడు. ఒక్క పేజీ. వాడికి పేరు కూడా లేదు. తాతకు ఆ నవల చదవడానికి నెలన్నర పట్టింది. తిరిగి ఇచ్చేటప్పుడు నేను నోటు తెరిచాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్పాడు.

"రాజుకు పేరుండాది, రాణికి పేరుండాది, గుర్రానికి గూడా పేరు పెట్టినారు. వాకిలి కాసేటోనికి పేరు లేదు. ఇంగోటి. అంతపెద్ద వాకిలి ఒక్కడు తీయలేడు తల్లీ. ఇంకా ఎవరో ఉండల్ల. వాళ్ల మాట రాయలేదు."

రాసుకున్నాను. మూడో గడిలో "మిల్లు గేటు కాపలా" అని రాసి నోటు మూశాను. అప్పుడు ఆయన, పోబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "మా ఇంట్లో ఏడాదికొక దినం పైన కోట వాకిలి కాడికి పోయి దీపం పెడతాము. ఎందుకని మా నాయనను అడిగితే, మా తాత పెడతాండె, నేను పెడతాండా అన్నాడు. అంతే."

నోటు మూశాక అన్న మాట అది. పుస్తకానికీ ఆ దీపానికీ ఆయన ఏ ముడీ వేయలేదు. ముడి వేసింది నేను.

ఆ నవల రెండో ప్రతి అప్పటికే ఎమ్మిగనూరులో ఉంది, ఆ వారం నేతగాళ్లు అది విని పెదవి విరిచారు. "కట్టుకతమ్మా ఇది. యాడుందీ కోట? రాసినాయప్ప ఏ ఊరోడో, కొండ ఎప్పుడన్నా ఎక్కినాడో లేదో," అన్నాడు చదువరి. నాకు పౌరుషం వచ్చింది. నేను తెచ్చిన పుస్తకాన్ని కట్టుకథ అనడమేమిటి? "అది మన ఆదోని కోటే," అన్నాను. వాళ్లు చూశారు. ఆ చూపు నాకు నచ్చింది. ఇంకొంచెం ముందుకు పోయాను. "ఆ వాకిలి కాసిన వంశంవాళ్లు ఇప్పటికీ మా ఊళ్లో ఉన్నారు. ఏటా ఆ వాకిలి దగ్గర దీపం పెడతారు, తెలుసా?"

"ఔనా!" అన్నారు అందరూ. ఆ వారం ఆ నవల కోసం అయిదుగురు ముందే చెప్పి పెట్టుకున్నారు. బస్సులో తిరిగి వస్తూ నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

నేను మరిచిపోయింది ఏమిటంటే, మిగతా ఊళ్లవాళ్ల అభిప్రాయాలు చూసుకోమని ఆ నోటును నేనే చదువరి చేతికి ఇచ్చేదాన్ని. చదువరికి చదవడం వచ్చు. రెండో గడిలో వాకిలి కాసేవాడి తరఫున మాట. మూడో గడిలో "మిల్లు గేటు కాపలా". ఇంకోపక్క నేను చెప్పిన దీపం. మూడూ కలపడానికి అతనికి ఎంతసేపు? పేరు రాయకపోతే మనిషి దాగుతాడని పెద్దాయన అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. చిన్న ఊళ్లో చేసే పనే పేరు. ఇప్పుడు కూడా నేను ఎవరి పేరూ రాయడం లేదు, పనులే రాస్తున్నాను. అదే తప్పు మళ్లీ చేస్తున్నానేమో అని మధ్యలో ఆగి ఆలోచించాను. తాతను అడిగే రాస్తున్నాను కాబట్టి మళ్లీ కలం పట్టాను.

మగ్గాలు ఆగిన ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పిల్లలు కోట ఆట ఆడుతున్నారు. పక్కింటి పిల్లలు రాజులు, సైనికులు. ఖాళీ గోనెసంచులు కోటగోడ. మా చిన్నవాడిని గేటు దగ్గర నిలబెట్టారు. వాడు ఏడుస్తున్నాడు.

"నేను గేటు తాతను కాను. గేటు తాత దొంగ!"

"ఎవరు చెప్పారు?" అన్నాను.

మా పాప నడుము మీద చేతులు పెట్టుకుని, "అందరూ అంటాండారమ్మా. గేటు తాత వాళ్ల తాత కోటను అమ్మేసినాడంట. నేను పొద్దున దండం పెట్టలేదు," అంది.

ఎమ్మిగనూరు మాట నాకంటే ముందే మా సందుకు వచ్చేసింది. "తాత ఏమన్నాడు?"

"ఏమీ అనలా. నన్ను చూసి కాళ్లు దగ్గర పెట్టి నిలబడినాడు. నేను ఉరికొచ్చేసినాను."

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. పత్తి వచ్చే కాలం అది. పెద్దకడుబూరు వైపు నుంచి బండ్లు వచ్చి గేటు ముందు బారు తీరేవి. రైతులు పొద్దుపోక తాతతో పరాచకాలాడటం ఎప్పుడూ ఉన్నదే, ఆయన తిరిగి అంటించడమూ ఉన్నదే. ఇప్పుడు పరాచకం ఒకటే. "తాతా, ఈసారి ఎవురికి తీస్తావప్పా గేటు?" తాత తిరిగి అనడం మానేశాడు. గ్రంథాలయానికి రావడం కూడా మానేశాడు. స్టూలు మీద పుస్తకం లేదు.

వారం తిరగకుండానే ఆయన్ని గేటు నుంచి తీసేసి వెనక పత్తిగింజల షెడ్డు దగ్గర కూర్చోబెట్టారు. గేటుకు కొత్త మనిషిని చూస్తున్నారనీ, దొరికాక తాతను ఇంటికి పంపేస్తారనీ అన్నారు. మిల్లు షావుకారు మా గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు. హాల్లో బెంచీలు ఆయన ఇచ్చినవే. చారిత్రక నవలలంటే ఆయనకు పిచ్చి. ధైర్యం చేసి ఆయన్నే అడిగాను.

"నేను నమ్మలేదమ్మా," అన్నాడు ఆయన, ఇబ్బందిగా. "కానీ గేటు కాడ నవ్వులాట అయిపోయినాది. రేపు ఒక మూట పోయిందనుకో, ఊరంతా ఏమంటాది? అయినా మీ దాంట్లో రాసుందంట గదా."

మా దాంట్లో రాసుందంట. ఆ మాట నన్ను ఆ రాత్రంతా పడుకోనివ్వలేదు.

పెద్దాయన దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన పొడుం డబ్బా మూత బిగించి పక్కన పెట్టాడు. "ఊరుకుంటే నాలుగు నెలల్లో మరిచిపోతారు. నువ్వు బయటికి చెప్తే సంఘంవాళ్లు నిన్ను ఉంచరు. ఇద్దరు పిల్లల తల్లివి," అన్నాడు.

"నాలుగు నెలల్లో తాత గేటు పోతుంది కదండీ."

"పోతుంది," అన్నాడు ఆయన. నేను గుమ్మం దాటుతుంటే, "ఆదివారం అభిప్రాయాల సభలో తాత మాట ఎన్నోదిగా చదవాలో నువ్వే చూసుకో. నేను అడ్డురాను," అన్నాడు.

నెలలో చివరి ఆదివారం అభిప్రాయాల సభ జరిగేది. ఆ నెల నోటులో చేరిన మాటలు నేను పైకి చదవాలి, షావుకారు అధ్యక్షత వహించాలి. సభకు ముందు రోజు నేను తాత ఇంటికి పోయాను. నోటు సంచిలో పెట్టుకుని పోయాను. ఆ పేజీ ఆయన ముందే చింపేద్దామని.

ఆయన భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"అవ్వా, నేను గ్రంథాలయం..."

"తెలుసులే. దీపం గురించి సెప్పినామె నువ్వే గదా." చేట చప్పుడు గట్టిగా అయింది. "దీపం పెట్టేదానికి కారణముండల్లనా? మీ ఇంట్లో తులసి కాడ దీపం పెడతావే, మీ ముత్తాత ఏం తప్పు చేసినాడని ఎవరన్నా అడిగినారా నిన్ను?"

తాత లోపలి నుంచి వచ్చాడు. ఖాకీ కోటు లేకుండా ఆయన్ని అంతకుముందు నేను చూడలేదు. సగం మనిషిలా ఉన్నాడు. నేను చేతులు జోడించి, తప్పు నాదని, ఈ పేజీ చింపేస్తానని చెప్పి నోటు తెరిచాను.

"చింపొద్దు తల్లీ," అన్నాడు. "చింపినావంటే ఆడ ఏందో ఉండె అని ఇంగో కత అల్లుతారు. ఉండనీ. నేను సెప్పింది ఉండాది గదా ఆడ? అదే సదువు."

"అదే చదువుతా తాతా. నేను కలిపింది కూడా చెప్తా."

అవ్వ చేట ఆపింది. "సెప్తావో సెప్పవో ఆడ సూద్దాం. మజ్జిగ తాగి పో," అంది.

ఆ రాత్రి అత్తమ్మతో, "నా ఉద్యోగం పోవచ్చు అత్తమ్మా," అన్నాను. ఆమె పిల్లలకు దుప్పటి సర్దుతూ, "పోతే పోనీలే. ఆ ముసలాయన మొగం రోజూ సూడాల్సింది మనమే గదా," అంది.

ఆదివారం సభకు జనం ఎక్కువే వచ్చారు. ఎమ్మిగనూరు నుంచి చదువరి కూడా మగ్గం ఆపి బస్సెక్కి వచ్చాడు. ఏదో జరగబోతోందని అందరికీ వాసన తగిలినట్టుంది. తాత వచ్చి లోపల కూర్చోకుండా వాకిలి పక్కన నిలబడ్డాడు. ఆయనకు అది అలవాటు. చూసినవాళ్లకు మాత్రం ఇంకోలా కనిపించింది. ఎవరో, "మళ్లీ వాకిలి కాడనే సూడప్పా!" అన్నారు. నవ్వులు.

నేను జొన్నల వర్తకుడి మాట చదివాను, నీళ్ల ప్రశ్న చదివాను, గడియారాల సాయిబు గొడుగు మాట చదివాను. సభ సరదాలో పడింది. షావుకారు కూడా తొడ చరుచుకుని నవ్వాడు. తర్వాతి పేరా మీద వేలు పెట్టాను. "పాఠకుడు, మిల్లు గేటు కాపలా," అని చదివి, ఆయన చెప్పింది చెప్పినట్టు చదివాను. గుర్రానికి కూడా పేరుంది, వాకిలి కాసేవాడికి లేదు. అంతపెద్ద వాకిలి ఒక్కడు తీయలేడు.

హాల్లో నవ్వు ఆగింది.

"ఇంతవరకు ఆయన మాట," అన్నాను. "ఇప్పుడు చెప్పేది ఈ నోటులో లేదు. అది నాది. నవలలో ఉన్న కోట ఏదో నాకు తెలియదు. రాసినాయన చెప్పలేదు. ఆదోని కోట అని చెప్పింది నేను. ఆ వాకిలి కాసినవాళ్ల వంశం ఇక్కడుందని చెప్పింది నేను. నాకు అది ఎవరూ చెప్పలేదు. పుస్తకం నిజమని మీరు నమ్మాలని నేను కల్పించాను."

బడిపంతులు లేచాడు. "అయితే దీపం అబద్ధమా?"

"దీపం నిజం. దానికీ నవలకూ ముడి పెట్టింది నేను."

"తాతను కాపాడేదానికి సెప్తాండావులేమ్మా," అన్నాడు వెనక ఒకాయన, జాలిగా. ఆ జాలి నాకు చెంపదెబ్బలా తగిలింది. అబద్ధం చెప్పినప్పుడు ఔనా అన్నవాళ్లు, నిజం చెప్తే నమ్మడం లేదు.

అప్పుడు చదువరి లేచాడు. "నాదీ తప్పుండాది. మూడో గడి సూసి కలిపి సెప్పినోన్ని నేనే. మా మగ్గాల కాడ నిన్న ఇంగో అభిప్రాయం తేలినాది, రాసుకో అమ్మా. ఒక పడుగు సాగదీయల్లంటే వీధి పొడుగునా మనుసులు కావల్ల. కోట వాకిలి ఒక్కడెట్ల తీస్తాడు? రోజూ పడుగు సాగదీసేటోళ్లం, మాకు ఈ మాట ఎట్ల తట్టలేదో! ఆ కాపలాయప్పకే తట్టినాది."

నేను నిలబడే రాసుకున్నాను. మూడో గడిలో "నేత".

షావుకారు ఉన్నట్టుండి వాకిలి వైపు తిరిగి, "మన మిల్లు గేటు తీసేదానికి ఎంతమంది కావల్లప్పా?" అని అడిగాడు.

తాత మడమలు చేర్చాడు. "ఇద్దరు సావుకారీ. రెండు తాళాలు. ఒకటి నా కాడ ఉండె, ఒకటి మీ గుమస్తా కాడ ఉండాది."

హాలంతా ఒక్కసారిగా ముందు వరసలో ఉన్న మిల్లు గుమాస్తా వైపు తిరిగింది. "అయితే గుమస్తా వంశం గూడా వెతకల్లప్పో!" అన్నారు ఎవరో. గుమాస్తా ముఖం చూడాలి. ఆ నవ్వు వేరు. ఆ నవ్వులో తాత కూడా ఉన్నాడు, మీసం కింద. షావుకారు మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "సూద్దాం," అని లేచి పోయాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్తాను. సంఘంవాళ్లు అభిప్రాయాల పుస్తకం మూసేయమన్నారు. ఎమ్మిగనూరు పెట్టెకు ఇంకొకరిని పెట్టారు. నన్ను పంపేయలేదు గాని, చెదలు చూసే పని మిగిలింది. కొన్నాళ్లకు నేనే మానేశాను. తాత గేటు దగ్గరికి తిరిగి వచ్చాడు, పదిహేను రోజులు ఆగి. పరాచకం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఎవడో ఒకడు అంటాడు. తాత ఇప్పుడు తిరిగి అంటిస్తాడు, "గుమస్తాను అడుగు పో," అని. మూసేసిన నోటును పెద్దాయన తన బీరువాలో దాచాడు. అందులో తాత మాట కింద నేను రాసిన రెండు వాక్యాలు ఉన్నాయి: "నవల ఏ కోట గురించో తెలియదు. తెలుసని చెప్పింది గ్రంథాలయ ఉద్యోగిని." మూడో గడిలో నా పని రాసుకోవడం అదే మొదలు, అదే చివర.

అందుకే చెల్లీ, నీకు చెప్పేది ఇదొక్కటే. చదివినవాడి మాట చదివినవాడిది. రాసినవాడి మాట రాసినవాడిది. మధ్యలో నిలబడ్డప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు, తాత నిలబడినట్టు.

కానీ సభ జరిగిన మర్నాడు పొద్దున నాకు ఇవేవీ తెలియవు. తాత గేటు దగ్గర ఉంటాడో, గింజల షెడ్డులో ఉంటాడో, అక్కడా ఉండడో తెలియదు. నా ఉద్యోగం ఉందో లేదో తెలియదు. పాపకు జడ వేశాను. పలక సంచి భుజానికి తగిలించాను. చిన్నవాడు అప్పటికే గుమ్మం దాటి నిలబడ్డాడు. ఇద్దర్నీ దగ్గరికి పిలిచి, వాళ్ల ఎత్తుకు కూర్చుని చెప్పాను.

"గేటు దగ్గర తాత లేకపోతే, చుట్టూ తిరిగి గింజల షెడ్డు దాకా పోండి. ఇద్దరూ దండం పెట్టండి. ఆయన కాళ్లు చేర్చి తిరిగి దండం పెట్టేదాకా ఉరికి రావద్దు. తాత వాళ్లు ఏ కోటా అమ్మలేదు. అది అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది మీ అమ్మ."

"నువ్వా?" అంది పాప.

"నేనే. తాత అడిగితే, అమ్మే చెప్పమనింది అని చెప్పండి."